పవర్ కారు సర్వీసు షోరూమ్‌లోనా, బయటి గ్యారేజీలోనా? తిరుపతి, చిత్తూరు వాళ్ళకు ఒక లెక్క

పోలో జీటీ, వర్టస్ జీటీ, స్లావియా 1.5, ఐ20 ఎన్ లైన్, ఆక్టేవియా ఆర్‌ఎస్, బీఎండబ్ల్యూ ఎం340ఐ. బలమైన ఇంజిన్ ఉన్న ఇలాంటి కారు కొన్నవాళ్ళకు మొదటి రెండేళ్ళు పెద్దగా ఆలోచన ఉండదు. షోరూమ్ నుంచి ఫోన్ వస్తుంది, వెళ్తారు, బిల్లు కడతారు, వస్తారు. వారంటీ చివరికొచ్చేసరికి మొదలవుతుంది అసలు తర్జనభర్జన. ఒకరు "బయట సగానికే అయిపోతుంది" అంటారు. ఇంకొకరు "బయట చెయ్యి పడితే ఈ కార్లు మళ్ళీ దారికి రావు" అంటారు. ఇద్దరూ ఏదో ఒక పని విషయంలో నిజమే చెబుతున్నారు. అందుకే కారు మొత్తానికి ఒకే చోటు అని తీర్మానించుకోవద్దని నా సలహా. ఏ పనికి ఎక్కడికి అనేది పనిని బట్టి తేల్చుకోవాలి. నూనె మార్పిడికి సరిపోయే చోటు గేర్‌బాక్స్‌కు సరిపోకపోవచ్చు.

## ధర కంటే ముందు చూడాల్సినవి

మొదటిది వారంటీ. ఇంకా ఎన్ని నెలలుంది, పొడిగించుకున్నారా, పొడిగింపు షరతుల్లో ఏం రాశారు. ఇది తెలియకుండా మిగతా లెక్కలేవీ నిలబడవు.

రెండోది గేర్‌బాక్స్. మాన్యువల్ అయితే సగం బెంగ తీరినట్టే. డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునేది) అయితే అది పొడి క్లచ్చా, నూనెలో తడిసే క్లచ్చా అన్నది తెలిసి ఉండాలి. రెండింటి నిర్వహణకూ పొంతన లేదు.

మూడోది, చేయించబోయే పనికి కంప్యూటర్ కావాలా వద్దా. ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి స్పానర్ చాలు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కారుకు వెనక ప్యాడ్లు మార్చాలంటే బ్రేకును ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. బీఎండబ్ల్యూలో బ్యాటరీ మార్చినా కొత్తది వేశామని కారుకు నమోదు చేయాలి, లేకపోతే పాత బ్యాటరీ లెక్కనే ఛార్జింగ్ నడుస్తుంది.

నాలుగోది దూరం. పెద్ద నగరాల వాళ్ళకు లేని ఖర్చు మనకుంది. తిరుపతి నుంచి చెన్నైకి పోయి రావడం మూడొందల కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే కారుకు, పెట్రోల్ లీటరు 110 రూపాయల చొప్పున వేసుకున్నా, 2,700 దాకా పెట్రోల్‌కే పోతుంది. బెంగళూరు అయితే 4,500 దాటుతుంది. టోల్ వేరు, ఒక రోజు సెలవు వేరు. కారు అక్కడ ఉంచేసి రావాల్సి వస్తే ఇంకోసారి రాకపోకల ఖర్చు, ఇంకో రోజు సెలవు కూడా. చిత్తూరు వాళ్ళకు బెంగళూరు కాస్త దగ్గర కాబట్టి వాళ్ళ మొగ్గు అటే ఉండటం సహజం.

చివరిది, కారు ఎన్నాళ్ళు ఉంచుకుంటారన్నది. రెండేళ్ళలో అమ్మేసే ఆలోచన ఉన్నవాళ్ళకు సర్వీస్ రికార్డే సొమ్ము. పదేళ్ళు నడుపుదామనుకునే వాళ్ళకు పని నాణ్యతే సొమ్ము.

## మన ముందున్న నాలుగు దారులు

| దారి | కలిసొచ్చేది | ఇబ్బంది | ఏ పనికి బాగు |
|---|---|---|---|
| ఊళ్ళోని కంపెనీ సర్వీస్ సెంటర్ | వారంటీ, ఆన్‌లైన్ రికార్డు, రీకాల్ పనులు | మామూలు మోడళ్ళ మీదే ఎక్కువ అలవాటు, అదనపు ప్యాకేజీల ఒత్తిడి | వారంటీలో ఉన్నప్పుడు అన్నీ, ఆ తర్వాత ఏడాది సర్వీసు |
| చెన్నై, బెంగళూరు కంపెనీ సర్వీస్ సెంటర్ | ఖరీదైన మోడళ్ళు చూసిన చేతులు, పూర్తి పరికరాలు | ప్రయాణం, లేబర్ రేటు, పార్ట్ రాకపోతే రెండో ప్రయాణం | గేర్‌బాక్స్, ఎలక్ట్రానిక్స్, వారంటీ క్లెయిములు |
| చెన్నై, బెంగళూరు ప్రత్యేక గ్యారేజీ | ఒకటి రెండు బ్రాండ్ల మీదే పని, మరమ్మతు చేసే నేర్పు | పని బాగోకపోతే మళ్ళీ అంత దూరం, వారంటీ లేదు | వారంటీ అయిపోయాక పెద్ద పనులు |
| ఊళ్ళోని నమ్మకమైన షెడ్డు | దగ్గర, కళ్ళముందే పని, తక్కువ లేబర్ | స్కానర్, పార్టుల విషయంలో తేడాలు | నూనె, ఫిల్టర్లు, బ్రేకులు, సస్పెన్షన్ |

బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ యజమానులు మొదటి దారిని ఈ పట్టికలోంచి కొట్టేసి చదువుకోవచ్చు. వాళ్ళ అసలు పోటీ రెండో, మూడో దారుల మధ్యే.

## బిల్లులో డబ్బు ఎక్కడికి పోతోంది

షోరూమ్ బిల్లు చేతికిచ్చాక అందరి కళ్ళూ చివరి అంకె మీదే పడతాయి. దాన్ని నాలుగు ముక్కలుగా విడగొట్టి చూడండి: నూనె, ఫిల్టర్ల లాంటి వినియోగ వస్తువులు, విడిభాగాలు, లేబర్, అదనంగా తగిలించిన ప్యాకేజీలు.

లెక్క కోసం ఒక 20,000 బిల్లు అనుకుందాం. అందులో నూనె, ఫిల్టర్లు, ప్లగ్గులు కలిపి 12,000, లేబర్ 4,000, ప్యాకేజీలు 4,000. సరైన గ్రేడు నూనె, సరైన ఫిల్టరు వాడాలంటే ఆ 12,000లో బయట తగ్గేది కొంచెమే. లేబర్ సగానికి తగ్గితే 2,000 మిగులుతుంది. ప్యాకేజీలు వద్దంటే 4,000 అక్కడే, షోరూమ్‌లోనే మిగులుతుంది. ఏడాది సర్వీసులో డబ్బు మిగలాలంటే చోటు మార్చడం కన్నా "ఇవి వద్దండీ" అనడం ఎక్కువ పనిచేస్తుంది.

జాబ్ కార్డు రాసేటప్పుడే అడ్వైజర్ వరసగా చదువుతాడు: "సార్, ఇంజిన్ ఫ్లష్ వేద్దామా? ఏసీ క్లీనింగ్? ఫ్యూయల్ సిస్టమ్ క్లీనరు?" వీటిలో ఆఖరిదాని గురించి కొంచెం చెప్పాలి. మన టర్బో పెట్రోల్ కార్లలో చాలావాటికి పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. ఇన్‌టేక్ వాల్వుల వెనక పేరుకునే మసి మీద పెట్రోల్ పడనే పడదు. అలాంటప్పుడు ట్యాంకులో పోసిన క్లీనరు ఆ మసిని ఎలా కడుగుతుంది? ఇంజెక్టర్లకు కొంత మేలు చేస్తుందేమో గానీ, వాల్వుల మసి పోవాలంటే సిలిండర్లకు గాలి తీసుకెళ్ళే మ్యానిఫోల్డ్ విప్పి, అక్రోట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయాలి. అది ప్రత్యేక గ్యారేజీల పని, అదీ ఐడ్లింగ్‌లో వణుకు, పికప్‌లో తగ్గుదల కనబడ్డాకే.

పన్ను విషయం కూడా తెలిసి ఉంటే మంచిది. విడిభాగాల మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం అయింది. పన్నుకు ముందు 10,000 ఉన్న పార్టుకు 12,800 బదులు 11,800 పడుతుంది. పాత ఎస్టిమేట్ చేతిలో ఉంటే కొత్తది అడిగి రాయించుకోండి. షెడ్డులో బిల్లు లేకుండా ఇస్తే ఈ 18 శాతం మిగులుతుందని కొందరు ఆశపడతారు. ఆ పార్టు రెండో నెలలో పోతే పట్టుకుని అడగడానికి చేతిలో కాగితం ఉండదు. బిల్లు లేని పని చేయించుకోవద్దు.

బిల్లు పెద్దదయ్యే కొద్దీ తేడా అసలు రూపంలో బయటపడుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్ పద్ధతి పాడైన భాగాన్ని మొత్తంగా మార్చడం. బయటి గ్యారేజీ పద్ధతి అందులో పాడైన ముక్కను బాగుచేయడం. చక్రాన్ని బండికి కలిపే కంట్రోల్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్ పోతే ఒకచోట ఆర్మ్ మొత్తం, ఇంకోచోట బుష్ ఒక్కటే. గేర్‌బాక్స్‌ను నడిపే మెకట్రానిక్ యూనిట్‌లో ఒక భాగం పోతే ఒకచోట యూనిట్ మొత్తం, ఇంకోచోట ఆ భాగమే. లక్షల తేడా వచ్చేది ఇక్కడే. అయితే బుష్ విషయంలో మాత్రం నేను షోరూమ్ పక్షమే. ఈ కార్లకు ప్రాణం స్టీరింగ్ పట్టు. ఊరూపేరూ లేని రబ్బరు బుష్ నొక్కించుకుంటే కొన్ని నెలల్లోనే ముందు చక్రాల అలైన్‌మెంట్ నిలవకుండా పోతుంది. లెమ్‌ఫోర్డర్, టీఆర్‌డబ్ల్యూ లాంటి మంచి తయారీదారు ఆర్మ్ తెచ్చి షెడ్డులో వేయించుకోవడం మధ్యే మార్గం.

## వారంటీ మీద కత్తి

"బయట చేయిస్తే వారంటీ పోతుంది" అనే మాట షోరూమ్‌లో వినని వాళ్ళుండరు. 2014 ఆగస్టు 25న, మార్కెట్‌లో పోటీ సవ్యంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, సాంకేతిక సమాచారం బయటి గ్యారేజీలకు అందకుండా చేశారన్నది నేరారోపణ. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, బయటి పని వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని ఆ ఆదేశంలో ఉంది. తర్వాత కంపెనీలు అప్పీళ్ళకు, కోర్టులకు వెళ్ళాయి.

సూత్రం మన పక్షాన ఉన్నా, టర్బో పోయి కారు షోరూమ్‌లో నిలబడ్డ రోజున వాదనతో బండి కదలదు. వారంటీ ఉన్నన్నాళ్ళు ఏడాది సర్వీసు కంపెనీ సెంటర్‌లోనే చేయించండి, గడువు దాటనివ్వకండి. వోక్స్‌వ్యాగన్, స్కోడాలకు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. తక్కువ తిరిగే వాళ్ళే ఇక్కడ దొరికిపోతారు. కిలోమీటర్లు కాలేదని ఊరుకుంటే ఏడాది దాటిపోతుంది.

షోరూమ్ చెన్నైలో ఉండి గొడవ అక్కడ మొదలైతే, ఫిర్యాదు కోసం అక్కడికి తిరగాల్సిన పని లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. జాబ్ కార్డు, ఎస్టిమేట్, బిల్లు దాచుకున్న వాళ్ళకే ఇది పనికొస్తుంది.

## గేర్‌బాక్స్: ఇక్కడ మాత్రం బేరం వద్దు

పోలో జీటీ 1.2 టీఎస్‌ఐ, వర్టస్ జీటీ 1.5 ఆటోమేటిక్, స్లావియా 1.5 ఆటోమేటిక్, ఐ20 ఎన్ లైన్ డీసీటీ (డ్యూయల్ క్లచ్ రకం) కార్లలో ఉన్నది పొడి డ్యూయల్ క్లచ్. 2017 ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఉన్నది 6 గేర్ల తడి క్లచ్ డీఎస్‌జీ (డ్యూయల్ క్లచ్‌కు వోక్స్‌వ్యాగన్, స్కోడాల పేరు), దాని నూనె, ఫిల్టరు 60,000 కిలోమీటర్లకు మార్చాలి. బీఎండబ్ల్యూలలోని జెడ్‌ఎఫ్ 8 గేర్ల ఆటోమేటిక్‌కు నూనె జీవితకాలం సరిపోతుందని షోరూమ్‌లో చెబుతారు. ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. కారు ఉంచుకునేవాళ్ళు జెడ్‌ఎఫ్ మాటే వినాలని నా అభిప్రాయం.

ఆ తడి క్లచ్ డీఎస్‌జీ నూనె మార్చడం దగ్గరుండి చూస్తే, ఎందుకు బేరం వద్దంటున్నానో అర్థమవుతుంది. పాత నూనె తీసి, ఫిల్టరు మార్చి, కొత్త నూనె అయిదు లీటర్లకు పైగా కింది నుంచి గొట్టంతో ఎక్కిస్తారు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్లన్నీ ఒకసారి తిప్పి, స్కానర్‌లో నూనె ఉష్ణోగ్రత చూస్తూ కూర్చుంటారు. అది 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఇంజిన్ నడుస్తుండగానే, కింది ప్లగ్గు తీస్తారు. ధారగా కారే నూనె చుక్కలుగా మారే క్షణంలో ప్లగ్గు బిగించాలి. అదే లెవెల్. డిప్‌స్టిక్ లేదు, అంచనా లేదు. నూనె వేడెక్కిపోయి వ్యాకోచించాక చూస్తే ఎక్కువ కారిపోయి, లోపల తక్కువ మిగులుతుంది.

ఇప్పుడు మన ఎండలు గుర్తుచేసుకోండి. మే నెలలో తిరుపతిలో నీడపట్టునే 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం దాకా నడిపి తెచ్చిన కారులో నూనె ఆ పరిధి ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఈ పని చేయించే ముందు రాత్రే కారు అప్పగించి, పొద్దున్నే మొదలుపెట్టమనండి. "రాత్రే పెట్టిపో అన్నా, చల్లారినాక పొద్దున చూస్తాం" అని మెకానిక్ తనంతట తానే చెబితే అతనికి పని తెలుసు. "మధ్యాహ్నం తే, గంటలో ఇచ్చేస్తా" అంటే దండం పెట్టి వచ్చేయండి.

పొడి క్లచ్ కార్ల సంగతి వేరు. వాటిని పాడుచేసేది ఎక్కువగా నడిపే తీరే. అలిపిరి టోల్‌గేట్ దగ్గర, ఘాట్ మీద బస్సు వెనకాల, ఇంచీ ఇంచీ జరుగుతూ పోతే క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. ముందు బండి నాలుగైదు అడుగులు కదిలే దాకా బ్రేకు మీద ఆగి, ఒక్కసారిగా కదలండి. క్లచ్ జారుడు, మెకట్రానిక్ లోపాలు కనబడితే కారు వారంటీలో ఉన్నప్పుడే జాబ్ కార్డులో రాయించండి. నోటిమాటగా చెప్పి రావద్దు. వారంటీ దాటాక అదే సమస్య వస్తే ముందు స్కాన్ రిపోర్టు తీసుకుని, షోరూమ్ ఎస్టిమేట్‌తో పాటు ఈ పనే చేసే ప్రత్యేక గ్యారేజీ ఎస్టిమేట్ కూడా అడగండి.

## బ్రేకులు: షెడ్డుకు నిశ్చింతగా ఇవ్వొచ్చు, ఒక షరతుతో

తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నుంచి ఉంది, 36 మెలికలు. దిగడానికి కనీసం ఇంత సమయం పట్టాలని టీటీడీ నిబంధన. బలమైన కారు ఉన్నా, అక్కడ చేసేది నెమ్మదిగా, బ్రేకులు పట్టుకుంటూ దిగడమే. మాన్యువల్ మోడ్‌లో రెండో గేరులో పెట్టి ఇంజిన్‌తో ఆపుకుంటూ దిగేవాళ్ళు తక్కువ. దిగాక చక్రాల దగ్గర వచ్చే మాడు వాసన అందరికీ తెలిసిందే.

ఇక్కడ ప్యాడ్ల కంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్తది 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టినదానికి ఆ పరిమితి 155కు పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు వచ్చి, పెడల్ మెత్తగా అడుగుకు పోతుంది. ఘాట్ మీద అలా జరగడం ఊహించుకోండి. రెండేళ్ళకోసారి మార్చడం తప్పనిసరి. ఖర్చు చిన్నదే, ఏ మంచి షెడ్డయినా చేయగలదు.

షరతు: సీసా మీ ముందే సీలు తీయాలి. అటక మీద సగం వాడి పెట్టిన సీసాలో నూనె ఎప్పటినుంచో తేమ తాగుతూ ఉంటుంది. ప్యాడ్లు, డిస్కులు కూడా ఏటీఈ, బ్రెంబో, బాష్ లాంటివి పెట్టె మీది పార్ట్ నంబరు, పాతదాని మీది నంబరు పక్కపక్కన పెట్టి చూసుకుని వేయించండి. కంపెనీ పెట్టెలో వచ్చే పార్టుల్లో చాలావాటిని తయారుచేసేది ఇలాంటి సంస్థలే. కంపెనీ ముద్ర లేకుండా కొంటే ధర తగ్గుతుంది, నాణ్యత తగ్గదు. ముద్ర నకిలీది అయితే రెండూ పోతాయి.

## షెడ్డును ఎలా తూచాలి

ఎంత పెద్ద బోర్డు, ఎన్ని కార్లు బయట నిలబడ్డాయి అన్నది పక్కన పెట్టి కొన్ని ప్రశ్నలు అడగండి. మీ బ్రాండుకు ఏ స్కానర్ వాడతారు? వోక్స్‌వ్యాగన్, స్కోడాలకు వీసీడీఎస్ లేదా ఓడిస్, బీఎండబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ పేర్లు వినబడాలి. అన్ని కార్లకూ పనికొచ్చే చిన్న పరికరం ఒక్కటే ఉంటే కోడ్ చదవడం వస్తుంది, లోపల సెట్టింగులు మార్చడం రాదు.

ఇంజిన్ నూనె ఏది పోస్తారు? "ఫుల్ సింథటిక్ అన్నా, బెస్ట్ ది" అన్న జవాబు చాలదు. డబ్బా వెనక మీ కారు మాన్యువల్‌లో ఉన్న ఆమోదం నంబరు ఉండాలి, ఉదాహరణకు వీడబ్ల్యూ 502 00, మెర్సిడెస్ 229.5, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01. 5డబ్ల్యూ-40 అన్న గ్రేడు ఒక్కటే కలిస్తే సరిపోదు. ఆర్‌ఎస్‌లోని 2.0 టీఎస్‌ఐకి సుమారు 5.7 లీటర్లు పడుతుంది. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బాలు రెండు మీరే కొనుక్కుని వెళ్ళినా ఏ మంచి మేస్త్రీ తప్పుపట్టడు.

బోల్టును చెప్పినంత బిగువుకే బిగించే టార్క్ రెంచ్ వాడతారా? అల్లాయ్ వీల్ బోల్టుల్ని గన్నుతో కొట్టి వదిలేసే చోట ఇంజిన్ ప్లగ్గులు విప్పనివ్వకండి. పాత పార్టులు డిక్కీలో పెట్టించుకోండి. ఈ ఒక్క మాట మొదటే చెబితే మార్చకుండానే మార్చామని రాసే అవకాశం ఉండదు.

## ఎవరికి ఏది

వారంటీలో ఉన్న ఎన్ లైన్, వర్టస్, స్లావియా వాళ్ళు ఊళ్ళోని కంపెనీ సెంటర్‌లోనే ఉండండి, ప్యాకేజీలు వద్దనండి. టైర్లు, అలైన్‌మెంట్, వాషింగ్ మాత్రం నచ్చినచోట చేయించుకోవచ్చు.

2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్‌ఎస్ పూర్తిగా దిగుమతి అయిన కార్లు, చాలా కొద్ది సంఖ్యలో వచ్చాయి. పార్టు విదేశం నుంచి రావాల్సిన సందర్భాలుంటాయి కాబట్టి, వారంటీ పొడిగింపు దొరికితే వీటికి తీసుకోవడమే మేలు. సర్వీసుకు బయల్దేరే ముందు ఫోన్ చేసి, పార్టు వచ్చిందని మెసేజ్ రూపంలో తీసుకుని కదలండి. చెన్నైకి రెండుసార్లు తిరగడం కన్నా పది రోజులు ఆగడం నయం.

ఏడెనిమిదేళ్ళ పోలో జీటీ, పాత ఆక్టేవియా వాళ్ళకు నా ఓటు షెడ్డుకే. ఏడాది సర్వీసు, బ్రేకులు, సస్పెన్షన్ ఊళ్ళో చేయించండి. రెండేళ్ళకోసారి ఏ బెంగళూరు పెళ్ళికో వెళ్ళినప్పుడు ప్రత్యేక గ్యారేజీలో పూర్తి స్కాన్, కూలెంట్ లీకుల తనిఖీ చేయించండి. ఈ ఇంజిన్లలో థర్మోస్టాట్, వాటర్ పంప్ ఉన్న ప్లాస్టిక్ భాగం దగ్గర కూలెంట్ ఊరడం తెలిసిన బలహీనతే. గులాబీ రంగు పొరలా ఎండి అంటుకుని ఉంటే అదే గుర్తు. మన ఎండల్లో దాన్ని రేపటికి వాయిదా వేయకూడదు. మామూలు నీళ్ళు పోసి నెట్టుకురావద్దు, కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

ఎం340ఐ, మెర్సిడెస్ ఏఎంజీ వాళ్ళు సర్వీస్ ప్యాకేజీ ఉన్నన్నాళ్ళు చెన్నై, బెంగళూరు షోరూమ్‌లనే వాడుకోండి, డబ్బు ముందే కట్టేశారు కాబట్టి. అది ముగిశాక ప్రత్యేక గ్యారేజీకి మారవచ్చు. మారే ముందు షోరూమ్ నుంచి సర్వీస్ హిస్టరీ మొత్తం ప్రింట్ తీసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కారు కొనబోతున్న వాళ్ళు అడ్వాన్స్ ఇవ్వకముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తనిఖీకి డబ్బు కట్టి చూపించండి. ఛాసిస్ నంబరు మీద పాత రికార్డులో కిలోమీటర్లు, మార్చిన పార్టులు, పెండింగ్ రీకాల్ పనులు అక్కడ తెలుస్తాయి. రికార్డు 45,000 దగ్గర ఆగిపోయి మీటర్ 48,000 చూపిస్తుంటే, మధ్యలో రెండేళ్ళు గడిచి ఉంటే, ఆ రెండేళ్ళ బిల్లులు అమ్మేవాణ్ణి అడగండి. బిల్లులు లేవంటే గేర్‌బాక్స్ నూనె, బ్రేక్ ఆయిల్, ప్లగ్గుల ఖర్చు లెక్కేసి ఆ మేరకు ధరలో తగ్గించుకోండి, అందుకు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి.